మందు మానాడు సరే, మనిషి మారాడా?

గత ఏడాది మార్చి ఎనిమిదిన గుడివాడలో మేం జరిపిన సభలో ఒక మగవాడికి శాలువా కప్పాం. మహిళా దినోత్సవం నాడు మగవాడికి సన్మానం ఏమిటని ఇద్దరు కార్యకర్తలు అప్పుడే గొణిగారు. సర్ది చెప్పింది నేనే. పదిహేనేళ్ళుగా తాగుతున్న మనిషి. భార్య మా సలహా కేంద్రానికి వచ్చాక, నాలుగైదుసార్లు పిలిచి మాట్లాడితే, మందు మాన్పించే కేంద్రంలో చేరాడు. ఏడు నెలలుగా చుక్క ముట్టలేదు. అతన్ని చూసి ఇంకో నలుగురు మారితే అంతకన్నా ఏం కావాలి అన్నాను. అతను మైకు పట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఎంత తాగేవాడో, ఎన్నిసార్లు రోడ్డు మీద పడిపోయాడో, ఎంత పట్టుదలతో బయటపడ్డాడో చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ ఇరవై నిమిషాల్లో భార్య ప్రసక్తి ఒక్కసారీ రాలేదు. ఆమె వెనక వరసలోనే కూర్చుని ఉంది. ఆమెను వేదిక మీదికి పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆగస్టులో ఆమె ఒక్కతే మా ఆఫీసుకి వచ్చింది. కూర్చుని, మంచినీళ్ళు తాగి, అంది: "అక్కా, తాగే రోజుల్లో రాత్రిపూట తిట్టేవాడు, కొట్టేవాడు. తెల్లారితే కాళ్ళు పట్టుకుని ఏడ్చేవాడు. ఇప్పుడు తిట్లు పగలూ రాత్రీ ఉన్నాయి. ఆ ఏడ్చే తెల్లవారే లేదు."

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరూ ఊరూ రాయడం లేదు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ డబ్బు ఇదివరకు అతనికి దొరక్కుండా బియ్యం డబ్బాలో దాచుకునేది. "ఇప్పుడు నేను తాగడంలేదుగా, నా దగ్గర దాపరికం ఎందుకు?" అని మొత్తం తన చేతికి ఇమ్మంటున్నాడు. ఫోను చూస్తాడు. ఆమెకి జ్వరం వస్తే తనను పట్టించుకోలేదని అలిగి పడుకుంటాడు. చుట్టాలెవరైనా "పాపం, ఆ పిల్ల ఎంత ఓర్చుకుందో" అంటే ఆ పూట అన్నం ముట్టడు. తను మానేసినందుకు ఆమె రోజూ కృతజ్ఞత చూపించాలి. చూపించకపోతే ఒకటే మాట: "నన్ను మళ్ళీ తాగేలా చేస్తున్నావు." ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది.

ఈ సంగతులు ఆమె అంతకు ముందు రెండుసార్లు ఫోనులో చెప్పబోయింది. "తాగడం లేదుగా, కొంచెం ఓర్చుకో" అన్నాం. అన్నది ఎవరో కాదు, నేనే. ఈ సంపాదకీయం ఆ మాటకి నేను చెప్పుకుంటున్న సంజాయిషీ. ఇన్నాళ్ళూ మనం మందు మీదే చూపు పెట్టి, ఆ మందు వెనక కూర్చున్న మనిషిని సరిగా చూడలేదేమో ఆలోచిద్దామని కూడా రాస్తున్నాను.

ప్రతి తాగుబోతూ కొంతవరకు తన చుట్టూ తానే తిరుగుతాడు. అది వ్యసనం స్వభావం. శరీరం మందుకి అలవాటు పడ్డాక దాన్ని సంపాదించడమే రోజులో మొదటి పని అవుతుంది. పిల్లల ఫీజు, అమ్మ మందులు, భార్య మెడలో నాను, అన్నీ దాని తర్వాతే. అబద్ధం, దొంగతనం, నేరం ఇంకొకరి మీదికి నెట్టడం దాని వెంటే వస్తాయి. ఈ స్వార్థంలో చాలా భాగం జబ్బు తెచ్చిపెట్టింది. జబ్బు తగ్గుతుంటే నెలల మీద అదీ తగ్గుతుంది.

ఇంకోరకం మనిషి ఉన్నాడు. అతనిలో 'నేను' అనేది మందుకంటే ముందే పుట్టింది. ఎప్పుడూ తనను ఎవరో ఒకరు మెచ్చుకుంటూ ఉండాలి. ఎదుటివాళ్ళకీ నొప్పి ఉంటుందని అతనికి తట్టదు. తప్పు ఎత్తి చూపితే భరించలేడు. నీళ్ళలో తన నీడనే ప్రేమించి కృశించిపోయిన గ్రీకు పురాణ యువకుడు నార్సిసస్ పేరు మీద మనస్తత్వ శాస్త్రం దీన్ని నార్సిసిజం అంది. మనం ఆత్మారాధన అనుకోవచ్చు. 1914లో ఫ్రాయిడ్ దీనిమీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ రోగ నిర్ణయ గ్రంథంలో దీని తీవ్రరూపాన్ని ఒక వ్యక్తిత్వ రుగ్మతగా చేర్చారు. 2008లో అక్కడే వెలువడిన ఒక పెద్ద సర్వే 34 వేల మందికి పైగా మనుషుల్ని పరిశీలించింది. ఈ రుగ్మత జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఉన్నవారు మగవాళ్ళలో 7.7 శాతం, ఆడవాళ్ళలో 4.8 శాతం అని తేల్చింది. మత్తు వ్యసనాలున్నవారిలో ఇది మరింత ఎక్కువగా కనిపించింది.

ఈ రెండూ ఎందుకు జతకడతాయో ఊహించడం కష్టం కాదు. తనను తాను సింహాసనం మీద కూర్చోబెట్టుకున్న మనిషికి ఓటమి, అవమానం మామూలు మనిషికంటే ఎక్కువ గుచ్చుకుంటాయి. పంట పోయినా, చెరువులో చేప చచ్చినా, తోటివాడు మేడ కట్టినా, ఆ మంట చల్లారడానికి సీసా కావాలి. తాగాక చేసినదానికి మళ్ళీ సిగ్గు. ఆ సిగ్గు పోవడానికి మళ్ళీ సీసా. సీసా లేనప్పుడు ఇంట్లో ఆడమనిషే ఆ పని చెయ్యాలి. ఆమె మెప్పు, ఆమె భయం, ఆమె కన్నీళ్ళు కూడా ఒక మత్తే. మా సభలో మైకు ముందు నిలబడ్డ మనిషికి మేం శాలువా అనుకుని అందించింది ఇంకో గ్లాసేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మనం డాక్టర్లం కాదు. సలహా కేంద్రానికి వచ్చిన ప్రతి మొగుడికీ "నార్సిసిస్టు" అని ముద్ర వేసే హక్కు మనకి లేదు. అదీగాక, మన ఇళ్ళలో మగపిల్లవాణ్ణి పెంచే తీరు చూడండి. మొదటి వడ్డన వాడికి, చేపలో మంచి ముక్క వాడికి, తప్పు చేసినా "మగాడు, వాడికేం?" అన్న మాట వాడికి. అక్క చదువు మాన్పించి తమ్ముడికి బండి కొంటాం. ఒక్క మనిషిలో ఉంటే రుగ్మత అనిపించేది, ఊరు ఊరంతా కొడుకులకి ఉగ్గుపాలతో పోస్తే ఆచారం అనిపించుకుంటుంది. పితృస్వామ్యం అని మనం ఉపన్యాసాల్లో అనే మాటకి పడకగదిలో, వంటింట్లో ఉన్న రూపం ఇదే. డాక్టరు ఏ పేరు పెట్టినా పెట్టకపోయినా, ఆమె పడుతున్నది హింసేనా అన్నది మాత్రం మనం చూడగలం. చూడాలి.

మన సంస్కృతి ఈ మనిషిని ఎంత ముద్దు చేసిందో తెలుసుకోవడానికి మా గుడివాడ వాళ్ళం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. దగ్గర్లోని రామాపురంలో పుట్టి, మా ఊరి కాలేజీకి పేరుగా నిలిచిన అక్కినేని నాగేశ్వరరావు 1953లో 'దేవదాసు'గా నటించారు. గొప్ప నటన, గొప్ప సంగీతం. మా అమ్మల తరం ఆ సినిమా చూసి కళ్ళు వాచేలా ఏడ్చింది. ఇవాళ్టికీ భగ్న ప్రేమికుణ్ణి దేవదాసు అనే అంటాం. కానీ శరత్ రాసిన ఆ కథలో, పార్వతి ధైర్యంగా మాట్లాడినందుకు దేవదాసు ఆమె నుదుటి మీద గాయమయ్యేలా కొడతాడు. అర్ధరాత్రి లోకనింద లెక్కచెయ్యకుండా తనే వచ్చి అడిగిన పిల్లకి సమయానికి అండగా నిలబడలేకపోయినవాడూ అతనే. తర్వాత తాగుతాడు. చంద్రముఖి సేవ చేస్తుంది. పార్వతి బాధపడుతుంది. ప్రపంచమంతా అతని బాధ చుట్టూ తిరుగుతుంది. ఆ నుదుటి గాయం ఎవరికి గుర్తుంది? తాగి ఏడ్చే మగవాడి మీద జాలి పడటం మనకి ఎంత అలవాటంటే, అతని చేతిలో దెబ్బ తిన్న మనిషి కూడా అతని కోసమే ఏడవాలని అనుకుంటాం.

ఆ పార్వతి వేషం వేసిన మహానటి సావిత్రి తన జీవితంలో మద్యానికి బానిసై, చాలాకాలం కోమాలో ఉండి 1981 డిసెంబరులో కన్నుమూశారు. తెర మీద తాగిన మగవాడు అమరప్రేమికుడయ్యాడు. నిజ జీవితంలో తాగిన ఆడది చెడిపోయిన మనిషికి ఉదాహరణ అయింది. వ్యసనం ఇద్దరిదీ ఒకటే అయినా మనం చూపే దయ మాత్రం మనిషిని బట్టి మారుతోంది.

దీన్నిబట్టి మద్యం మీద మన పోరాటం తప్పు అని నేననడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యతా వాచకంలోని పాఠం చదివి సారా దుకాణం మూయించారు. అక్కడినుంచి రాష్ట్రమంతా లేచింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్ సారాని పల్లెలకి తెచ్చిన ఎన్.టి.రామారావే 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూ సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. ఆయన మా పక్కనున్న నిమ్మకూరు మనిషి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి గెలిచినవారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. 1997లో ఎత్తేశారు. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు చేతికి వెళ్ళాయి. సారా ఆగిన రోజుల్లో కూలి డబ్బు ఇంటికి చేరిందనీ, దెబ్బలు తగ్గాయనీ ఆ ఉద్యమంలో ఉన్న స్త్రీలే చెప్పారు. మందు ఖజానాకి ఆదాయం అయినంత కాలం ఆ పోరాటం మనకి తప్పదు.

కానీ ఒక లెక్క మన కళ్ళముందు పెట్టుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త తరచూ తాగి మత్తులో ఉంటాడని చెప్పిన భార్యల్లో 70 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించారు. అసలు తాగని భర్తలున్న వారిలో ఈ హింస అనుభవించినవారు 23 శాతం. మొదటి అంకెని మనం ప్రతి మీటింగులోనూ చెబుతాం. రెండో అంకెని చెప్పం. తాగని మొగుళ్ళున్న ఇళ్ళలో కూడా దాదాపు నలుగురిలో ఒకరు హింస అనుభవించారంటే, ఆ చెయ్యి లేపింది ఏ మందు? మందు అగ్గికి ఆజ్యం పోస్తుంది, నిజమే. అగ్గి మాత్రం అంతకు ముందే ఉంది.

అందుకని తాగుడు మానిన ప్రతివాణ్ణీ అనుమానించాలా? అక్కర్లేదు. మా దగ్గరికే వచ్చిన ఒక ఆటో డ్రైవరు సంగతి చెబుతాను. అతనూ పదేళ్ళు తాగాడు, భార్యని కొట్టాడు. మానేసిన మూడో నెలలో ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చాడు. ఎవరికెంత బాకీ ఉన్నాడో అందులో రాసుకున్నాడు. మొదటి పేజీలో భార్య పేరు. తాకట్టు పెట్టిన గాజులు, చించేసిన పుస్తకాలు, పాడుచేసిన ఆమె చెల్లెలి పెళ్ళి, అన్నీ రాశాడు. "ఇవి తీరేవి కావు మేడమ్, కనీసం ఆమె ఏం కావాలంటే అది వింటాను" అన్నాడు. ఆమె "ఆరు నెలలు మా పుట్టింట్లో ఉంటాను" అంది. అతను ఒప్పుకున్నాడు. ఆ ఆరు నెలలూ ఆమెకి ఫోను చేసి ఒత్తిడి పెట్టలేదు, మళ్ళీ తాగనూ లేదు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఉంటున్నారు.

1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాల వాళ్ళకి ఈ తేడా ఎప్పుడో తెలుసు. వాళ్ళ పన్నెండు మెట్లలో తను హాని చేసిన మనుషుల జాబితా రాసుకోవడం ఒకటి, మరింత హాని కలగనంత మేరకు వాళ్ళకి నష్టం పూడ్చడం ఇంకొకటి. మందు మానినా బుద్ధి మారనివాణ్ణి వాళ్ళు 'డ్రై డ్రంక్' అంటారు, అంటే మందు లేని తాగుబోతు. ఇంట్లోవాళ్ళకి కూడా సాయం కావాలని గుర్తించి 1951లో అల్-అనాన్ పేరుతో వేరే సంఘం పెట్టారు. మనం మాత్రం ఏళ్ళ తరబడి తాగినవాడికే కుర్చీ వేశాం, భార్యని పక్కన నిలబెట్టాం.

ఇద్దరు భర్తల మధ్య తేడా ఎక్కడుంది? ఇద్దరూ మానేశారు. ఒకడు మానేసినందుకు బహుమతి అడిగాడు. ఇంకొకడు బాకీ రాసుకున్నాడు. ఏడుపు చూసి మోసపోతాం మనం. ఆ ఏడుపులో ఎవరున్నారో వినాలి. "నా బతుకు నాశనమైంది, నన్ను వదిలెయ్యకు" అంటే అందులో ఉన్నది అతనే. "నీ చెయ్యి ఇంకా నొప్పిగా ఉందా?" అంటే అందులో ఆమె ఉంది.

ఈ అనుభవం తర్వాత మా కేంద్రంలో కొన్ని పద్ధతులు మార్చుకున్నాం. మీ దగ్గర పనికొస్తే తీసుకోండి, తప్పులుంటే చెప్పండి.

మొదటిది, భర్త మందు మానాడన్న కారణంతో ఫైలు మూసెయ్యడం మానేశాం. ఏడాదిపాటు భార్యతో విడిగా, అతను లేని చోట మాట్లాడుతున్నాం. "తాగుతున్నాడా?" అని కాక కొన్ని వేరే ప్రశ్నలు అడుగుతున్నాం. నీ డబ్బు నీ చేతిలో ఉందా? నువ్వు కాదంటే ఏమవుతుంది? నీకు ఒంట్లో బాగుండకపోతే ఇంట్లో ఏం జరుగుతుంది? చేసిన తప్పుని తాగుడు మీదో నీ మీదో నెట్టకుండా అతను ఎప్పుడైనా ఒప్పుకున్నాడా? నీకు ఇంట్లో భయం తగ్గిందా?

రెండోది, "నువ్వే అతన్ని చెడగొట్టావు, నీకూ ఆ బాధ అలవాటైపోయింది" అన్న మాట మా కేంద్రంలో ఎవరూ అనకూడదు. రాత్రి దెబ్బ, పొద్దున బతిమాలుడు, మధ్యలో ఎప్పుడో ఒక మంచి రోజు. ఆ మంచి రోజు కోసం ఎదురుచూడటం ఎవరికైనా అలవాటవుతుంది. పైగా పుట్టింటివాళ్ళు తలుపు వేసేస్తే, చేతిలో పదివేలు లేకపోతే, ఎదురుచూడక ఏం చేస్తుంది?

మూడోది చట్టం. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస నిరోధక చట్టం దెబ్బల్నే కాదు, తిట్లనీ, అవమానించడాన్నీ, సంపాదన లాక్కోవడాన్నీ కూడా హింస అంటుంది. రక్షణ అధికారి దగ్గర వివరాలు నమోదు చేయించి, మేజిస్ట్రేటు ద్వారా రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు కోరవచ్చు. ఆ చట్టం నియమావళిలో 14వ నియమం మన కౌన్సెలర్లందరూ చదవాల్సింది. కౌన్సెలింగులో భర్త తన హింసకి సమర్థింపు చెప్పుకోవడానికి వీల్లేదని అది చెబుతోంది. "తాగి ఉన్నాను" అన్నది సమర్థింపే. "తాగడం మానేశాను కదా" అన్నది కూడా అంతే. పాత 498-ఎ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు ఉన్నాయి. 181కి ఫోను చేస్తే దారి చూపిస్తారు.

నాలుగోది వైద్యం. భర్తకి తెలియకుండా అన్నంలో కలిపే మాత్రలు, పొడులు అని గోడల మీద ప్రకటనలు చూస్తుంటాం. ఆడవాళ్ళు ఆశపడి కొంటున్నారు. మందు మాన్పించే మాత్రల్లో కొన్నిరకాలు కడుపులో ఉండగా మనిషి తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేసినా మూర్ఛలు, మతి తప్పడం రావచ్చు. అది ప్రాణాంతకం. కాబట్టి మాన్పించడం డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. 14416కి ఫోను చేస్తే ప్రభుత్వ టెలిమానస్ వాళ్ళు ఉచితంగా సలహా ఇస్తారు. భర్తకే కాదు, భార్యకి కూడా. వ్యసనం జబ్బు అని ఒప్పుకుందాం, వైద్యం ఇప్పిద్దాం. జబ్బు వల్ల జాలి రావాలి గానీ, జబ్బు పేరు చెప్పి హింసకి మాఫీ రాకూడదు.

ఇక ఆమె సంగతి. రక్షణ అధికారి దగ్గర నమోదు చేయించింది. కేసు నడుస్తోంది. అతను ఇప్పటికీ తాగడం లేదు. ఆ మాట ఊళ్ళో అందరూ ఆమెకే చెబుతున్నారు: "బంగారంలాంటి మనిషి అయ్యాడు, ఇప్పుడు కేసేమిటమ్మా?" అని. ఆ మాట అనేవాళ్ళ చేతిలో మా సభ ఫోటో ఒకటి ఉంది. శాలువా కప్పుతున్న చెయ్యి నాది. ఆ ఫోటో అవతలి వకీలు కోర్టులో పెడితే, నేను వెళ్ళి అది మా తప్పని సాక్ష్యం చెబుతానని ఆమెకి మాటిచ్చాను.

ఈసారి మార్చి ఎనిమిదికి సన్మానాలు లేవు. మందు మానినవాళ్ళ భార్యలు మాట్లాడతారు, ఇష్టమున్నవాళ్ళే. ఇష్టం లేనివాళ్ళు రాసిస్తే మేం చదువుతాం. మీ ఊళ్ళల్లో, మీ కేంద్రాల్లో ఇలాంటి అనుభవాలు తప్పకుండా ఉండి ఉంటాయి. మనం గెలిచామనుకుని మూసేసిన ఫైళ్ళు ఒకసారి తెరిచి, ఆ ఆడవాళ్ళని వెతికి పలకరించండి. వాళ్ళు ఏమన్నారో మాకు రాయండి.